రెండొంతులు గడ్డ, ఒక వంతు పానకం

బందరు గిలకలదిండి రేవు నుంచి వేటకెళ్ళే బోట్లకి ఐసు వేసే ఫ్యాక్టరీలో ముప్పయ్యొక్కేళ్ళు కంప్రెసర్లు చూసుకున్నాను. మే నెలలో నైటు డ్యూటీ అంటే బయట సముద్రపు ఉక్క, లోపల అమోనియా ఘాటు. బ్రైన్ ట్యాంకు మీద చెక్క మూతలు పరిచి ఉంటాయి. వాటి మీద గోనెపట్టా వేసుకు కూర్చుంటే కిందనుంచి చల్లగా తగిలేది. మా కబుర్లూ అన్నాలూ టీలూ అన్నీ ఆ మూతల మీదే.

రాత్రి రెండింటికి బడ్డీకొట్టు కుర్రాడు కెటిల్‌తో టీ తెచ్చేవాడు. ఓ రాత్రి ఎంత ఉక్కగా ఉందంటే, పొగలు కక్కే ఆ టీని చూస్తేనే చెమట పోసింది. అలాగని మానెయ్యడానికి మనసొప్పలేదు. క్యారేజీ గిన్నెలో పోసి, మూత నొక్కి, తాడు కట్టి బ్రైన్‌లోకి దించాను. బ్రైన్ అంటే చిక్కటి ఉప్పునీళ్ళు. సున్నాకి పది డిగ్రీలు కిందికి దిగినా అది గడ్డకట్టదు. దాన్లో నిలబెట్టిన డబ్బాల్లోని మంచినీళ్ళు మాత్రం గడ్డకడతాయి. ఐసు ఫ్యాక్టరీ అంటే ఇంతే. గంట పోయాక పైకి లాగి చూద్దును కదా, టీ పలుకులు పలుకులుగా, గడ్డపెరుగుకి నూక కలిపినట్టుగా భలేగా ఉంది. నా హెల్పరు ఆత్రం పట్టలేక ఓ చెంచాడు నోట్లో వేసుకున్నాడు. వెంటనే ఉమ్మేశాడు. "గురూగారూ, ఇది టీ కాదు, ఊరగాయ ఊట" అన్నాడు. మూత సందులోంచి బ్రైన్ లోపలికి దూరింది.

రిటైరై ఆరేళ్ళయింది. ఆ పలుకుల టీ మళ్ళీ గుర్తుకు రావడానికి మా మనవరాలు కారణం. మా అబ్బాయి టెక్సాస్‌లో ఇర్వింగ్ అనే ఊళ్ళో ఉంటాడు. ఆ పిల్లకి పదిహేనేళ్ళు. పోయిన వేసవిలో బందరొచ్చి, రెండోరోజు మధ్యాహ్నమే ఫ్యాను కింద వెల్లకిలా పడుకుని "తాతయ్యా, స్లష్ దొరుకుతుందా ఇక్కడ?" అంది. "ఏం స్లష్షే?" అన్నాను. "ఏదైనా సరే. టీ అయితే ఇంకా ఇష్టం" అంది. జన్మంతా ఐసు చేసినవాడికి ఇదో లెక్కా అనుకున్నాను.

పల్చగా టీ కాచి, అలవాటుగా గ్లాసుకి చెంచా లెక్కన పంచదార వేసి, రెండు స్టీలు గ్లాసుల్లో పోసి రాత్రంతా ఫ్రీజర్లో పెట్టాను. పొద్దున చూస్తే ఇటుక. పప్పుగుత్తితో కొట్టి, పెద్ద ముక్కల్ని మిక్సీలో వేసి తిప్పాను. రెండు సార్లు గరగరమంది, మూడోసారికి జారు కింద బుష్ పోయింది. మా ఆవిడ ఏమీ అనలేదు. ఏమీ అనకపోతేనే నాకు భయం.

అయితే ఆ మిగిలిన ముక్కల్ని చూశాక నవ్వొచ్చింది. అంచు ముక్కలు తెల్లగా ఉన్నాయి, నాకితే ఉత్త నీళ్ళు. నడిమి ముక్క మాత్రం నల్లగా ఉంది, చేదూ తీపీ మొత్తం అక్కడే ముడుచుకుంది. ఇది నాకు తెలియంది కాదు. ఎప్పుడైనా పెద్ద ఐసు గడ్డని ఎండకి అడ్డంగా పెట్టి చూడండి. అంచులు అద్దంలా ఉంటాయి, నడుమ నిలువునా తెల్లటి పొర కనిపిస్తుంది. డబ్బాలో నీళ్ళు గోడల వైపు నుంచి లోపలికి గడ్డకట్టుకుంటూ వస్తాయి. ఐసుకి పట్టింపు ఎక్కువ, తన పలుకులో నీటిని తప్ప వేరే దేన్నీ కూర్చోనివ్వదు. నీళ్ళల్లో ఉన్న ఉప్పులూ గాలీ అన్నిట్నీ ముందుకి నెట్టుకుంటూ పోతుంది. చివరికి ఆ చెత్తంతా నడిమిట్లో చేరుతుంది. గడ్డ బాగుండాలంటే కట్టే వేళంతా గొట్టంతో గాలి ఊదుతూ నీళ్ళు కదిలిస్తాం. ఇంకాస్తలో పూర్తవుతుందనగా నడిమి నీళ్ళు తోడేసి మంచినీళ్ళు పోస్తాం. ఆ తోడేసిన నీళ్ళు వేలితో నాకితే చవ్వచవ్వగా ఉంటాయి.

టీ దగ్గరా అదే లెక్క. కదపకుండా వదిలేస్తే ఐసు ఓ పక్కకీ, టీ ఓ పక్కకీ పోతాయి. స్లష్ చెయ్యడమంటే ఈ రెండిట్నీ విడిపోనివ్వకపోవడం. గడ్డకట్టే నీళ్ళ గురించి ఎవరైనా ఆలోచిస్తారు. మీరు గడ్డకట్టని నీళ్ళ గురించి ఆలోచించాలి.

గడ్డకట్టకుండా ఆపేది పంచదార. అందరూ తీపికోసమనుకుంటారు గానీ ఇక్కడ దాని అసలు పని వేరు, బ్రైన్‌లో ఉప్పు చేసే పనే ఇదీ చేస్తుంది. లీటరు నీళ్ళకి 150 గ్రాముల పంచదార వేస్తే ఆ పానకం సున్నా దగ్గర గడ్డకట్టడం మొదలుపెట్టదు, ఇంచుమించు ఒక డిగ్రీ కిందికి దిగాక మొదలుపెడుతుంది. ఒక డిగ్రీయేగా అనుకోవద్దు. కాసిని నీళ్ళు ఐసుగా మారగానే మిగిలిన పానకం చిక్కనవుతుంది. చిక్కనైన పానకం గడ్డకట్టాలంటే ఇంకా చల్లబడాలి. మరికొంత గడ్డకడుతుంది, మిగిలింది ఇంకా చిక్కనవుతుంది. సున్నాకి రెండున్నర డిగ్రీలు కింద లెక్కేస్తే మూడింట రెండొంతుల నీళ్ళు ఐసు, ఒక వంతు పానకం. చెంచాతో తియ్యగలిగేదీ, నోట్లో కరకరమని కరిగిపోయేదీ ఆ పాకానే. నేను మొదటిసారి వేసింది ఇందులో ఐదో వంతు కూడా ఉండదు, ఇటుక కాక ఏమవుతుంది?

150 గ్రాములు ఎక్కువనిపిస్తుంది. పానకంగా ఉన్నప్పుడు రుచి చూస్తే నాకూ వెగటుగానే ఉంది. చల్లబడ్డ నాలుకకి తీపి సగమే తెలుస్తుంది. కరిగిపోయిన ఐస్‌క్రీము తాగి చూస్తే ఈ సంగతి మీకే అర్థమవుతుంది. అందుకని టీ కూడా మామూలు కన్నా ఒకటిన్నర రెట్లు చిక్కగా ఉండాలి. లీటరుకి 15 గ్రాముల టీపొడి, అంటే గుండుచెంచాలు ఐదారు.

పొడి విషయానికొస్తే, మనిళ్ళల్లో ఉండేది దాదాపు అంతా గుళికల పొడి, సీటీసీ. 1930లలో అస్సాంలో విలియం మెక్‌కెర్చర్ అనే తోట అధికారి, పళ్ళున్న రోలర్ల మధ్య ఆకుని నలిపి, చీల్చి, చుట్టే యంత్రం కనిపెట్టాడు. పాలల్లో నిలిచే ఘాటూ రంగూ దాంతోనే వచ్చాయి. ఆ పొడిని పాలు లేకుండా మరగబెడితే నాలుక మీద గోకినట్టు వగరుగా ఉంటుంది. కాబట్టి మరిగించొద్దు. నీళ్ళు తెర్లాక పొయ్యి కట్టేసి, పొడి వేసి, మూత పెట్టి నాలుగు నిమిషాలు. వాచీ చూసుకునే వడకట్టాలి. మా ఆవిడ "ఇదేమన్నా బాయిలరా?" అని వెక్కిరిస్తుంది. అయినా సరే. నీలగిరి ఆకు టీ దొరికితే ఇంకా మంచిది, ఘాటు తక్కువైనా వాసన బాగుంటుంది.

నీలగిరికి ఇంకో గుణముంది, చల్లారినా తేటగా ఉంటుంది. అస్సాం డికాషన్ ఫ్రిజ్‌లో పెట్టి చూడండి, గంటకల్లా కాలవ నీళ్ళలా బురదరంగు తిరుగుతుంది. పాడైందని మా కోడలు ఓసారి పారబోసింది కూడా. అది పాడవడం కాదు. వేడిలో విడివిడిగా కరిగి ఉన్న కెఫీనూ, టీకి రంగూ వగరూ ఇచ్చే పదార్థాలూ చల్లారగానే ఒకదాన్నొకటి పట్టుకుని సన్నటి మడ్డిగా తేలతాయి. కాసిని వేడినీళ్ళు పొయ్యండి, మళ్ళీ తేటపడుతుంది. గాజుగ్లాసులో ఐసుముక్కలేసి ఇచ్చే టీకయితే ఈ మడ్డి కంటికి ఇబ్బంది, పలుకుల టీకి ఏమీ కాదు.

వడకట్టిన వేడి డికాషన్లోనే పంచదార కరిగించండి. చల్లారాక నిమ్మకాయ. ఇది మాత్రం పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని చెయ్యాల్సిన పని. గాజుగిన్నెలో డికాషన్ ఎర్రమట్టి నీళ్ళ రంగులో ఉంటుంది. నిమ్మచెక్క పిండగానే చుక్క పడ్డ చోటు నుంచి రంగు విరిగి, చెంచాతో ఒక్క తిప్పు తిప్పేసరికి మొత్తం తేనెరంగుకి వచ్చేస్తుంది. మా మనవరాలు ఫోను తీసి మూడుసార్లు పిండించింది. నీళ్ళు కలిసి పల్చబడటం కాదది. పులుపు తగిలితే టీలోని రంగే లేతబడుతుంది, చిటికెడు వంటసోడా వేస్తే తిరిగి నల్లబడుతుంది. లీటరుకి మంచి రసమున్న కాయలు రెండు చాలు. గింజలు పడనివ్వకండి, రాత్రికి చేదెక్కుతుంది. పుదీనా, అల్లం, యాలకులు మీ ఇష్టం. నాకైతే చిదిపిన అల్లం ముక్క ఒకటి, పొడితోపాటే వేసి వడకట్టేస్తాను. ఒక్క చిటికెడు ఉప్పు కూడా. మా హెల్పరు వింటే ఏమంటాడో.

ఇక కట్టించడం. గ్లాసుల్లోనూ లోతు గిన్నెల్లోనూ పెట్టొద్దు. మా ఫ్యాక్టరీలో మొదటి వారమే నేర్పే లెక్కొకటుంది. గడ్డ మందం రెండింతలైతే పట్టే టైము నాలుగింతలు. కట్టిన ఐసే లోపలి నీళ్ళకి దుప్పటి కప్పినట్టు అడ్డమవుతుంది మరి. కాబట్టి అంచున్న వెడల్పాటి స్టీలు పళ్ళెం తీసుకుని అంగుళం మించకుండా పొయ్యండి. లీటరు పానకం రెండు పళ్ళేలకి వస్తుంది. ఫ్రీజర్లో చదునుగా పెట్టండి, వాలితే ఓ పక్కే పేరుకుంటుంది.

ముప్పావుగంటకి తలుపు తీస్తే అంచు చుట్టూ వేలెడు వెడల్పున సన్నటి పలక కట్టి ఉంటుంది, నడుమ ఇంకా నీళ్ళే. ఫోర్కు వీపు కాదు, పళ్ళతోనే ఆ పలకని లోపలికి గీకి నీళ్ళల్లో కలిపెయ్యాలి. మళ్ళీ అరగంటకి ఇంకోసారి, తరవాత ఇంకోసారి. రెండోసారికి ఇసక కలిపినట్టుంటుంది, మూడోసారికి తడి రవ్వ. రెండున్నర, మూడు గంటల్లో పళ్ళెం నిండా తేనెరంగు పలుకులు. చెంచా గుచ్చితే నిలబడి, మెల్లిగా ఒరగాలి. అదీ గుర్తు. సిసిలీ వాళ్ళ గ్రానీటా అనే మంచు పానీయానిదీ ఈ పద్ధతే.

మనవరాలు ఊళ్ళో ఏ షాపులోనో కొనుక్కునే స్లష్ యంత్రమూ ఇదే చేస్తుంది. నేను ఇర్వింగ్ వెళ్ళినప్పుడు చూశాను. చల్లటి గొట్టం గోడకి పానకం సన్నగా గడ్డకడుతుంటే తిరిగే రెక్క ఎప్పటికప్పుడు గీకేస్తుంటుంది. వెనక కంప్రెసర్ ఏ రకమో చూద్దామని కౌంటరు పక్కకి వెళ్ళబోతే మా అబ్బాయి చెయ్యి పట్టుకుని లాగేశాడు. ఆ యంత్రం పుట్టుక తెలిశాక మాత్రం నాకు ప్రాణం లేచొచ్చింది. కాన్సాస్‌లో కాఫీవిల్ అనే చిన్న ఊళ్ళో ఓమార్ నెడ్లిక్ అనే ఆయన ఐస్‌క్రీం కొట్టు నడిపేవాడు. 1950ల చివర్లో ఆయన సోడా యంత్రం చెడిపోతే సీసాల్ని ఫ్రీజర్లో పెట్టి అమ్మాడు. మూత తియ్యగానే సగం మంచయ్యే ఆ సోడా కోసం జనం ఎగబడ్డారు. దాంతో కారు ఏసీ భాగాలు పెట్టి అలాంటి మంచు సోడా చేసే యంత్రం కట్టాడు. 1965లో సెవెన్-ఎలెవన్ కొట్ల వాళ్ళు ఆ యంత్రాలు తీసుకుని తరవాత స్లర్పీ అని పేరు పెట్టారు. ఆ కంపెనీ ఆఫీసు మా అబ్బాయి ఉండే ఇర్వింగ్‌లోనే. కారు ఏసీతో చేశాడంటే మా వర్గం మనిషే.

చల్లటి టీ విషయంలో అమెరికా వాళ్ళు ఓ కథ చెబుతారు. 1904లో సెయింట్ లూయీ ప్రపంచ ప్రదర్శనలో మన దేశపు టీ తోటల తరఫున రిచర్డ్ బ్లెచిండెన్ వేడి టీ పంచబోతే ఎండకి ఎవరూ తాగలేదనీ, ఐసు వేసి ఇస్తే ఎగబడ్డారనీ. పేరు రావడం అప్పుడే కావచ్చు గానీ, వర్జీనియాలో 1879 నాటి వంటల పుస్తకంలోనే ఐసు టీ ఉంది. మనవైపు ఐసు కథ ఇంకా విచిత్రం. 1833లో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే బోస్టన్ వ్యాపారి, చలికాలంలో చెరువుల మీద కోసిన ఐసుని ఓడలో కలకత్తాకి పంపాడు. మదరాసులో ఆ ఐసు దాచడానికి 1842లో కట్టిన గుండ్రటి భవనం ఇప్పటికీ మెరీనా ఎదురుగా ఉంది. 1897లో వివేకానందుడు అందులో దిగాడు. నేను ఆ మెట్లెక్కింది మాత్రం స్వామి కోసం కాదు, గోడల మందం చూడ్డానికి. అంత దూరం కరక్కుండా తెచ్చింది ఏమిటంటే రంపపుపొట్టు. మేమూ రిక్షా మీద గడ్డలకి అదే కప్పి గోనె చుట్టేవాళ్ళం.

ఐసు మాటొచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. మేం చేసిన ఐసుని మేమెవరం గ్లాసులో వేసుకోలేదు. అది చేపల కోసం. డబ్బాలకి తుప్పు, సన్నగా చిల్లిపడితే బ్రైన్, ఏ బోరు నీళ్ళో ఏమో. గడ్డని నేల మీద ఈడుస్తారు. ఆ గడ్డ పగలగొట్టి షర్బత్‌లో వేసే బండి దగ్గర నేను ఆగను. ఇంట్లో కాచిన నీళ్ళతో చేసుకునే ఈ టీకి ఆ బెంగ లేదు. కాచిన డికాషన్‌ని మాత్రం పొద్దుపోయేదాకా గట్టు మీద ఉంచకండి, చల్లారగానే ఫ్రీజర్లోకి పోవాలి.

నాకు షుగరుంది. గ్లాసుడు పలుకుల టీలో ఐదారు చెంచాల పంచదార ఉంటుందని నేనే లెక్కేశాను కాబట్టి బుకాయించలేను. తీపి మాత్రలతో ఓసారి చేశాను. తీపి సరిపోయింది, పళ్ళెం రాయైంది. మాత్ర నాలుకని ఏమార్చగలదు, నీళ్ళని ఏమార్చలేదు. బజారు స్లష్షుల్లో పంచదార తగ్గించి గ్లిజరాల్ వేసేది ఇందుకే. చిన్నపిల్లలకి అది ఒంట్లో చక్కెర పడిపోయేలా చేస్తుందని, ఏడేళ్ళలోపు వాళ్ళకి ఇవ్వొద్దని 2025లో బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ హెచ్చరించింది. నా మట్టుకు నేను మా ఆవిడ కళ్ళెదుటే చిన్న కాఫీ గిన్నెడు తిని ఊరుకుంటాను. పంచదార బదులు తేనె వేస్తే అదే బరువుకి ఇంకా మెత్తగా వస్తుంది. బెల్లం కూడా పనిచేస్తుంది గానీ టీ రుచి దాని వెనక దాక్కుంటుంది.

పాలటీ సంగతి అడుగుతారు. వద్దు. గడ్డకట్టిన పాలటీ నోట్లో ఉప్మారవ్వలా ఉంటుంది. మా ఆవిడ మాట కాదనలేక డబ్బా పాలు కలిపి చేశాను, బాగానే వచ్చింది, కాకపోతే అది కుల్ఫీ. మిక్సీయే వాడాలనుకునేవాళ్ళు పానకాన్ని ఐసు ట్రేల్లో కట్టించి, ముక్కలతోపాటు అరగ్లాసు చల్లటి టీ పోసి, తిప్పి తిప్పి ఆపండి. తడి లేకుండా తిప్పితే ఏమవుతుందో పైన చెప్పాను. స్ట్రాతో మాత్రం తాగకండి. అడుక్కి దిగిన పానకమంతా ముందు లాగేస్తే పైన మిగిలేది ఉత్త ఐసు, బండి మీద గోలా చివర్లో అయినట్టు. చెంచాతో అడుగునుంచి కలుపుకుంటూ తినాలి.

మనవరాలు వెళ్ళే ముందురోజు మధ్యాహ్నం పళ్ళెం ఫ్రీజర్లో పెట్టిన పది నిమిషాలకి కరెంటు పోయింది. మూడు గంటల కోత. ఆ పిల్ల మొహం చూసి పాత క్యారేజీ దింపాను. కొట్లోంచి ఐసు, రెండు కిలోల కల్లుప్పు తెప్పించాను. చితక్కొట్టిన ఐసు మూడొంతులకి ఉప్పు ఒక వంతు కలిపి బకెట్లో పోస్తే ఐసు కరుగుతూ చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. సరిగ్గా కలిస్తే సున్నాకి ఇరవై డిగ్రీల కిందికీ దిగగలదు. కుల్ఫీ వాళ్ళ కుండలో జరిగేది అదే. పానకం పోసిన గిన్నెని అందులో కూరి, పది నిమిషాలకోసారి మూత తీసి అంచులు గీకాను. గంటలోపే పలుకులు కట్టింది. ఈసారి ఉప్పు ఐసుని గిన్నె మూతకి రెండు వేళ్ళు కిందనే ఆపాను. మూత తీసే ముందు గుడ్డతో చుట్టూ తుడిచాను. అయినా పిల్ల చెంచా పెట్టబోతుంటే "ఆగవే" అని, ముందు నా వేలు ముంచి నాకి చూశాను.